సారియా నుంచి సాంతియాగోకి కాలినడక: ఏ ఊళ్లో పడుకోవాలి, ఏ ఊరు దాటెయ్యాలి

స్పెయిన్ వాయవ్య మూలన, గలీసియాలో ఉన్న సాంతియాగో దె కాంపోస్తేలాకి ఆ పేరు ఏసు శిష్యుడైన పునీత యాకోబు వల్ల వచ్చింది. లాటిన్‌లో సాంక్తుస్ యాకోబుస్, జనం నోట్లో నలిగి సాంత్ యాగో, చివరికి సాంతియాగో. మన కతోలిక కుటుంబాల్లో వినిపించే యాగప్ప అన్న పేరు కూడా ఈ యాకోబుదే. ఆయన సమాధి ఇక్కడుందన్న నమ్మకంతో తొమ్మిదో శతాబ్దం నుంచి జనం నడిచి వస్తున్నారు. ఇప్పుడున్న కెథడ్రల్ కట్టడం 1075లో మొదలైంది, 1211లో ప్రతిష్ఠ జరిగింది. ఫ్రాన్సు సరిహద్దు నుంచి వచ్చే ప్రధాన దారి దాదాపు 780 కి.మీ., నెల రోజుల పైన పడుతుంది. అంత సెలవు దొరకనివాళ్లు సారియాలో దారి పట్టుకుంటారు. అక్కడి నుంచి సాంతియాగో 115 కి.మీ. దూరం. నడిచినవాళ్లకి ఇచ్చే లాటిన్ యోగ్యతాపత్రానికి, అంటే కాంపోస్తేలాకి, కనీసం 100 కి.మీ. ఉండాలి కాబట్టి ఈ ఊరికి అంత గిరాకీ.

గైడ్ పుస్తకాల్లో ఈ దూరాన్ని దాదాపు ఒకేలా అయిదు రోజులకి పంచుతారు: పోర్తొమరీన్ 22, పాలస్ దె రెయ్ 25, అర్సువా 29, ఓ పెద్రౌసో 19, సాంతియాగో 20 కి.మీ. అందరూ అదే పట్టిక చూసుకుని నడవడంతో మధ్యాహ్నం రెండింటికి ఆ నాలుగు ఊళ్లలో మంచాల కోసం పరుగు మొదలవుతుంది. వాటి మధ్య ఉన్న పల్లెల్లో మాత్రం పక్కలు ఖాళీగా కనిపిస్తాయి. పైగా మూడో రోజు 29 కి.మీ. దగ్గరే చాలామంది కాళ్లు చెడతాయి. అయిదు రోజుల్ని ఆరు చేసి, పట్టికలో లేని పల్లెల్లో పడుకుంటే ఈ రెండు బాధలూ పోతాయి. చక్కగా, ఆ పల్లెల్లో సగం పునీతుల పేర్లవే.

ఆ పేర్ల గురించి ముందే ఒక మాట తెలిస్తే మ్యాపులో తికమక ఉండదు. గలీసియాలో బోర్డులు గలీసియన్ భాషలో ఉంటాయి. అందులో ఎక్స్ అక్షరాన్ని 'ష' అని పలుకుతారు. స్పానిష్‌లో సాన్ హువాన్ అయిన పునీత యోహాను ఇక్కడ సాన్ షోఆన్, సాన్ హూలియాన్ ఇక్కడ సాన్ షులియాన్. ఒకే ఊరు బుకింగ్ సైటులో ఒక రాతతో, రాతి గుర్తు మీద ఇంకో రాతతో కనిపిస్తే అది వేరే ఊరని కంగారుపడొద్దు. పైగా ఒకే పునీతుడి పేరున గలీసియాలో ఎన్నో పల్లెలున్నాయి. వెనకున్న 'దో కమీన్యో' లాంటి ముక్కతో సహా వెతక్కపోతే యాభై కిలోమీటర్ల అవతల గది బుక్ అవుతుంది.

ముందుగా కావలసింది క్రెడెన్సియాల్, అంటే ముద్రలు వేయించుకునే మడత కాగితం. సారియాలో మాగ్దలేనా మఠంలోనూ, కొన్ని బసల్లోనూ రెండు మూడు యూరోలకి దొరుకుతుంది. నడిచేవాళ్లు రోజుకి కనీసం రెండు ముద్రలు వేయించుకోవాలి, ప్రతిదాని పక్కనా తేదీ ఉండాలి. చాలామంది రాత్రి బస ముద్ర ఒక్కటి వేయించుకుని దారిలో మర్చిపోతారు, ఆఖర్న కాంపోస్తేలా ఇచ్చే కౌంటర్ దగ్గర చిక్కుపడతారు. పొద్దున టీ తాగిన బార్‌లో, అంటే అక్కడి కాఫీ హోటల్లో, ఒకటి, మధ్యలో గుడి తెరిచి ఉంటే అక్కడ ఒకటి, రాత్రి బసలో ఒకటి అన్న అలవాటు చేసుకుంటే సరిపోతుంది. గళ్లు ఎక్కువేం ఉండవు. ప్రతి బార్‌లోనూ గుద్దిస్తే నాలుగో రోజుకే కాగితం నిండిపోతుంది.

పడుకునే చోట్లు స్థూలంగా రెండు రకాలు. గలీసియా ప్రభుత్వం నడిపే అల్బెర్గేల్లో, అంటే యాత్రికుల ఉమ్మడి బసల్లో, పక్క 10 యూరోలు. ముందుగా బుకింగ్ ఉండదు. మధ్యాహ్నం ఒంటిగంటకి తలుపు తీస్తారు, ముందొచ్చినవాళ్లకి ముందు. వాడి పారేసే పల్చటి దుప్పటి, దిండు గలీబు ఇస్తారు, కప్పుకునేది మనమే తెచ్చుకోవాలి. రాత్రి పదింటికి దీపాలు ఆర్పేస్తారు, పొద్దున ఎనిమిదికల్లా ఖాళీ చెయ్యాలి. జబ్బు చేస్తే తప్ప రెండో రాత్రి ఉండనివ్వరు. వంటగది చూసి అన్నం వండుకోవచ్చని సంబరపడొద్దు. చాలాచోట్ల పొయ్యి ఉంటుంది, గిన్నె ఉండదు. ప్రైవేటు అల్బెర్గేల్లో బంక్ మంచం 15 నుంచి 25 యూరోల మధ్య. బుకింగ్, గిన్నెలు, వాషింగ్ మెషీన్, కొన్నిచోట్ల మంచానికో తెర, ప్లగ్గు కూడా ఉంటాయి. ఇద్దరు కలిసి వెళ్తే పల్లెటూరి పెన్సియోన్‌లో (చిన్న లాడ్జిలో) విడి గది తీసుకోవడం కూడా పెద్ద తేడా ఏమీ కాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు బుకింగ్ అప్పుడే కింది బెర్తు కావాలని రాయాలి. వచ్చాక అడిగితే అప్పటికే నిండిపోయి ఉంటాయి.

ఎక్కడ దిగినా సంచి మంచం మీద పెట్టకముందే నల్లుల కోసం చూడాలి. పరుపు అంచు కుట్టు వెంట ఫోన్ లైటు వేసి, మూలల్లో దుప్పటి ఎత్తి చూస్తే చాలు. నల్లటి చుక్కలు వరసగా కనిపిస్తే మాట్లాడకుండా వేరే బస చూసుకోవాలి. ఇది శుభ్రత లేని చోటే వస్తుందనుకోవడం పొరపాటు. నల్లులు సంచుల్లో ఎక్కి ఊరు మారతాయి, నిన్న శుభ్రంగా ఉన్న గది ఈ రోజు ఉండకపోవచ్చు.

ఇక దారి. సారియాలో పెద్ద మెట్లెక్కి పాత వీధి మీదుగా బయటపడితే నాలుగు కిలోమీటర్లకి బర్బదేలో వస్తుంది. అక్కడి సాంతియాగో గుడి చిన్నది, రోమనెస్క్ శైలిది. సారియాకి మధ్యాహ్నం రైల్లో దిగినవాళ్లు ఊళ్లో ఉండిపోకుండా ఇక్కడిదాకా నడిచి పడుకుంటే మర్నాటి భారం తగ్గుతుంది. ఫెర్రేరోస్ పల్లె దాటగానే 100 కి.మీ. రాయి కనిపిస్తుంది. గలీసియాలో ప్రతి రాతి గుర్తు మీదా మిగిలిన దూరం మూడు దశాంశాల దాకా చెక్కి ఉంటుంది. దారి తప్పుతామన్న భయమే అక్కర్లేదు. దారి చూపే పసుపు బాణాల సంప్రదాయాన్ని 1980ల్లో మొదలుపెట్టింది ఎలియాస్ వలీన్యా అనే ఫాదర్, ఇదే గలీసియాలోని ఓ సెబ్రేరో గుడి గురువు.

పోర్తొమరీన్‌లోకి దిగే ముందు జాగ్రత్త. విలాచా పల్లె దాటాక దారి చీలుతుంది. ఒక దారి రాళ్ల మధ్య ఇరుకు సందులోంచి నిటారుగా దిగుతుంది, వానపడితే ఆ రాళ్లు నాచుతో జారతాయి. తడిగా ఉన్న రోజు రోడ్డు పక్క దారి పట్టుకోవాలి, నాలుగు అడుగులు ఎక్కువైనా మడమ మిగులుతుంది. పాత పోర్తొమరీన్ 1960ల్లో బెలేసార్ ఆనకట్ట నీళ్లలో మునిగింది. సాన్ షోఆన్ గుడిని మాత్రం రాయి రాయీ విడదీసి పైనున్న కొత్త ఊళ్లో మళ్లీ కట్టారు. గోడ దగ్గరికి వెళ్లి చూస్తే కొన్ని రాళ్ల మీద అప్పుడు వేసిన అంకెలు ఇంకా కనిపిస్తాయి. పట్టిక ఊళ్లలో రాత్రి ఉండదగ్గది నా లెక్కలో ఇదొక్కటే. మంచాలు చాలా ఉన్నాయి, మీన్యో నది ఒడ్డున సాయంకాలం బాగుంటుంది, దుకాణాలున్నాయి. నీటిమట్టం తగ్గినప్పుడు పాత ఊరి గోడలు, పాత వంతెన బయటపడతాయి.

రెండో రోజు పాలస్ దాకా పరుగెత్తకుండా లిగోందెలో ఆగాలి, 16 కి.మీ. ఈ రోజు మొదటి సగమంతా ఎక్కుడే. దారి చాలాసేపు రోడ్డు పక్కనే సాగుతుంది, నీడ తక్కువ. మధ్యలో కాస్త్రోమయోర్ దగ్గర రోమన్ల కాలానికి ముందు మొదలైన కొండకోట అవశేషాలున్నాయి. బాణాల వెంట తలవంచుకుని పోయేవాళ్లు దీన్ని చూడకుండానే దాటేస్తారు. ఎడమకి పది నిమిషాలు పక్కకి జరిగితే చాలు. లిగోందెలో, అంతకు మూడు కిలోమీటర్ల ముందు వెంతాస్ దె నరోన్‌లో చిన్న అల్బెర్గేలున్నాయి. మంచాలు తక్కువ కాబట్టి ముందురోజే ఫోన్ చెయ్యాలి.

మూడో రోజు 12 కి.మీ. మాత్రమే. పాలస్ దె రెయ్‌లో డబ్బు తీసుకుని, మందులు, పళ్లు కొనుక్కుని దాటెయ్యాలి. ఆ ఊళ్లో అంతకుమించి నిలిచే పని లేదు. అక్కడి నుంచి మూడున్నర కిలోమీటర్లలో సాన్ షులియాన్ దో కమీన్యో. పది పదిహేను రాతి ఇళ్లు, వాటి మధ్య 12వ శతాబ్దపు గుడి, గుండ్రటి గర్భాలయం. ఇక్కడి పునీతుడి కథ ఈ దారికి తగ్గది. పొరపాటున తల్లిదండ్రుల్నే చంపుకున్న జూలియన్, ఆ పాపం కడుక్కోవడానికి భార్యతో కలిసి బాటసారులకి ఆశ్రయమిచ్చి సేవ చేశాడని చెబుతారు. బస ఒకటి రెండు చోట్లే, అవీ చిన్నవి. దొరక్కపోతే 11 కి.మీ. ముందుకెళ్లి మెలీదెలో పడుకోవచ్చు, కాబట్టి పొద్దున పదికల్లా ఖాయం చేసుకోవాలి. ఇంకా నడవగలిగినవాళ్లకి 12 కి.మీ. చప్పగా తోచవచ్చు. కానీ ఈ మధ్యాహ్నం విశ్రాంతే తర్వాతి మూడు రోజుల్ని నిలబెడుతుంది.

బొబ్బల సంగతి ఇక్కడే చెప్పాలి, అవి మూడో రోజుకి బయటపడతాయి. మొదటి కారణం చెమటతో తడిసిన సాక్సు. రెండోది దిగుడులో పాదం ముందుకు జారి వేళ్లు బూటుకి తగలడం. బూటు మామూలు కొలత కంటే అర సైజు పెద్దది ఉండాలి, లేసు ఎక్కుడులో వదులుగా, దిగుడులో చీలమండ దగ్గర బిగువుగా కట్టుకోవాలి. గంటన్నరకోసారి బూట్లు విప్పి, సాక్సులు మార్చి, తడివి సంచికి వేలాడదీస్తే సగం సమస్య పుట్టదు. చర్మం ఎర్రబడి మండుతున్నప్పుడే టేపు వెయ్యాలి. బుడగ లేచాక జెల్ ప్యాచీ వేస్తే అది ఊడేదాకా పీకకూడదు, పీకితే చర్మం దానితో వస్తుంది. మందుల షాపు గుర్తు ఆకుపచ్చ శిలువ. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా చాలా దుకాణాలు మూస్తారు, ఆదివారం పల్లెల్లో ఏదీ దొరకదు.

సంచి మోయలేనివాళ్లకి సామాను చేరవేసే సర్వీసులున్నాయి. స్పెయిన్ తపాలా శాఖది ఒకటి, ప్రైవేటువి కొన్ని. ఒక్కో మజిలీకి ఒక్కో సంచికి సుమారు నాలుగు నుంచి ఆరు యూరోలు. పొద్దున ఎనిమిది లోపు చిరునామా చీటీ కట్టి రిసెప్షన్‌లో పెడితే మధ్యాహ్నం రెండు మూడింటికల్లా తర్వాతి బసకి చేరుతుంది. అయితే ప్రభుత్వ అల్బెర్గేలు ఇలా వచ్చిన సంచుల్ని తీసుకోవు. ఇది తెలియక చిరునామా రాసేస్తే సంచి ఎక్కడుందో వెతుక్కునే పని పడుతుంది. పాస్‌పోర్టు, మందులు, వానకోటు, క్రెడెన్సియాల్ ఎప్పుడూ వీపు మీదే ఉండాలి. సొంతంగా మోసేవాళ్లకి సంచి బరువు ఒంటి బరువులో పదో వంతు మించకూడదు.

నాలుగో రోజు 22 కి.మీ., కానీ దారంతా అందమైనదే. ఫురేలోస్‌లో నాలుగు కమానుల మధ్యయుగపు వంతెన దాటగానే సాన్ షోఆన్ గుడి. లోపల శిలువ మీది క్రీస్తు విగ్రహానికి ఒక చెయ్యి మేకు నుంచి విడిపోయి కిందికి చాచి ఉంటుంది. వచ్చేవాళ్ల చెయ్యి పట్టుకోబోతున్నట్టు. చాలామంది వంతెన దగ్గర ఫోటో దిగి గుడి దాటేస్తారు. అది తప్పక చూడవలసిన చోటు.

తర్వాత మెలీదె, ఆక్టోపస్ ఊరు. రాగి బానలో ఉడికించి, కత్తెరతో ముక్కలు చేసి, చెక్క పళ్లెంలో వేసి, పైన రాళ్ల ఉప్పు, ఎర్ర మిరపపొడి, ఆలివ్ నూనె చల్లి ఇస్తారు. చేపలు తినేవాళ్లు వదులుకోకూడదు. ఈ పిమెంతోన్ పొడి మన కారం కాదు. రంగే తప్ప ఘాటు తక్కువ.

శాకాహారులకి మాత్రం ఈ దారి మెలకువ కోరుతుంది. 12 నుంచి 15 యూరోల యాత్రికుల భోజనంలో మొదటి వంటకంగా వచ్చే కాల్దో గల్యేగో పైకి బంగాళాదుంప, ఆకుకూర, తెల్ల చిక్కుళ్ల పులుసులాగే ఉంటుంది. కానీ దానికి రుచి వచ్చేది ఉంతో అనే నిలవ పంది కొవ్వుతో. 'మాంసం లేకుండా' అని అడిగితే ముక్కలు తీసేసి అదే పులుసు ఇవ్వవచ్చు. మిక్స్‌డ్ సలాడ్‌లో అడక్కుండానే ట్యూనా వేస్తారు. 'సిన్ కార్నే, సిన్ హామోన్, సిన్ అతూన్' (మాంసం, పంది హామ్, ట్యూనా లేకుండా) అని మూడూ విడివిడిగా చెప్పాలి, హామోన్‌ని వాళ్లు మాంసం కింద లెక్కెయ్యరు మరి. గుడ్డు తినేవాళ్లకి బంగాళాదుంపల తోర్తియా ప్రతి బార్‌లోనూ దొరుకుతుంది. పాద్రోన్ పచ్చిమిరపకాయలు నూనెలో వేయించి ఉప్పు చల్లినవి, అర్సువా జున్ను, రొట్టె, పళ్లు ఉంటే రోజు గడుస్తుంది. అరకిలో అటుకులు, పులిహోర పొడి, చిన్న పచ్చడి ప్యాకెట్ తెచ్చుకున్నవాళ్లు బాధపడరు. రాత్రి భోజనం ఊళ్లవాళ్లకి ఎనిమిదిన్నర తర్వాతే, యాత్రికులకి ఏడింటికి పెట్టే చోటు ముందే కనుక్కోవాలి.

ఆ రాత్రికి రిబదీసో. మొత్తం దారిలో ఒక్క బస ఎంచుకోమంటే ఇదే. ఇసో ఏటి మీద పాత వంతెన, దాని పక్కనే ఒకప్పుడు యాత్రికుల కోసం కట్టిన సాన్ అంతోన్ ఆసుపత్రి. దాన్నే బాగుచేసి ప్రభుత్వ అల్బెర్గే చేశారు. ఏట్లో కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు, నీళ్లు మే నెలలో కూడా జిల్లుమంటాయి. లోటు ఏమిటంటే స్నానాల గదులు వేరే కట్టడంలో ఉన్నాయి, రాత్రి లేచి బయటికి నడవాలి. దుకాణం లేదు. ఇక్కడ దొరక్కపోతే మూడు కిలోమీటర్ల ఎక్కుడు తర్వాత అర్సువా ఉంది. ఆ రోజంతా నడిచాక ఆ ఎక్కుడు ఎవరికీ ఇష్టం ఉండదు. పొద్దున తాజా కాళ్లతో ఎక్కితే తెలియనైనా తెలియదు.

అయిదో రోజు నీలగిరి చెట్ల మధ్య మెత్తటి మట్టి బాట. 19 కి.మీ.లో సాంతా ఇరేనె. పోర్చుగల్‌లో పుట్టి అక్కడే హతసాక్షి అయిందని చెప్పే ఈ పునీతురాలి పేరు మీదే ఆ దేశంలో సాంతరేం నగరం ఉంది. ఇక్కడ చిన్న గుడి, రాతి ఊట, రెండు మూడు బసలు, అంతే. ప్రభుత్వ అల్బెర్గే హైవే అంచునే ఉంది. లారీల చప్పుడికి నిద్ర పట్టనివాళ్లు లోపలున్న ప్రైవేటు చోటు చూసుకోవాలి. తినేవి అర్సువాలోనే కొనుక్కోవాలి. మూడు కిలోమీటర్లు ముందున్న ఓ పెద్రౌసోలో అన్నీ దొరుకుతాయి, అయితే అది పూర్తిగా రోడ్డు పక్క ఊరు, రద్దీ కూడా అక్కడే.

చివరి రోజు 23 కి.మీ. విమానాశ్రయం కంచె చుట్టూ తిరిగి సాన్ పాయో పల్లె, ఆపైన లావకోయా. పూర్వం యాత్రికులు నగరంలో అడుగుపెట్టే ముందు ఇక్కడి వాగులో ఒళ్లు కడుక్కునేవాళ్లు. సాన్ మార్కోస్ దాటగానే మోంతె దో గోసో, కెథడ్రల్ గోపురాలు మొదటిసారి కనిపించే గుట్ట. కింద వందల మంచాల పెద్ద వసతి సముదాయం ఉంది, చవకే, కానీ బారకుల్లా ఉంటుంది. ఇంకో గంట నడిస్తే నగరమే కాబట్టి అక్కడ ఆగడంలో అర్థం లేదు.

కెథడ్రల్ ముందున్న ఓబ్రదోయ్రో చౌకులో కూర్చున్నాక తొందరపడి గుళ్లోకి పరుగెత్తొద్దు, వీపు సంచులతో లోపలికి రానివ్వరు. ఫ్రాంకో వీధిలోని తపాలా ఆఫీసులో సంచి పెట్టుకోవచ్చు. కర్రేతాస్ వీధిలో యాత్రికుల ఆఫీసు. ఆన్‌లైన్‌లో ముందే వివరాలు నింపితే అక్కడ నంబరు తీసుకోవడమే. పేరు పాస్‌పోర్టులో ఉన్న వరసలోనే నింపాలి. ఇంటిపేరు, అసలు పేరు తారుమారైతే పత్రం మీదా అలాగే పడుతుంది. కాంపోస్తేలా ఉచితం. బయల్దేరిన ఊరు, దూరం రాసిచ్చే రెండో పత్రానికి 3 యూరోలు.

చాలామంది బోతఫుమేయ్రో ఊపడం చూడొచ్చని వచ్చి నిరాశపడతారు. 53 కిలోల ఈ ధూపపాత్రను ఎనిమిదిమంది తాళ్లతో లాగుతారు, కానీ రోజూ కాదు. జనవరి 6, ఈస్టర్, మే 23, జూలై 25, ఆగస్టు 15, నవంబరు 1, డిసెంబరు 8, 25, 30 లాంటి పండుగల్లోనూ, ఎవరైనా ముందే విరాళం కట్టి కోరినప్పుడూ ఊపుతారు. పన్నెండింటి పూజకి కనీసం ముప్పావుగంట ముందు కూర్చుంటేనే చోటు. జూలై 25 ఆదివారం పడిన సంవత్సరం పవిత్ర సంవత్సరం, రాబోయేది 2027. అప్పుడు కింతానా చౌకు వైపు పవిత్ర ద్వారం తెరుస్తారు, జనం విపరీతం. తేదీలు మన చేతిలో ఉంటే ఆ ఏడాది వేసవి వదిలి, ఏప్రిల్ చివర గానీ అక్టోబరు మొదట్లో గానీ రావడం మేలు, వానకోటు తప్పనిసరి.

సాంతియాగోలో రెండు రాత్రులు ఉండాలి. కెథడ్రల్ ఎదుటి సాన్ మార్తీన్ పినారియో మఠంలో యాత్రికులకి పై అంతస్తు గదులు తక్కువ ధరకిస్తారు. పాత సెమినరీ గదులు, సన్న మంచం, విడి స్నానాల గది, కింద పెద్ద భోజనశాలలో కడుపునిండా టిఫిన్. బుకింగ్ సైట్లలో ఈ ధర కనిపించదు, నేరుగా మెయిల్ రాసి క్రెడెన్సియాల్ ఉందని చెప్పాలి. నెలల ముందే నిండిపోతాయి. దొరకనివాళ్లకి పావుగంట నడకలో సెమినారియో మెనోర్ ఉంది, గుట్ట మీద, ఒక్కరి గదులు కూడా ఉన్నాయి, చలికాలం మూసేస్తారు. చౌకు పక్కనే ఉన్న రాజుల ఆసుపత్రి ఇప్పుడు ఖరీదైన పారదోర్ హోటల్. ఉండకపోయినా లోపలి నాలుగు ముంగిళ్లు చూసి రావచ్చు.

వెళ్లేముందు కింతానా చౌకుని ఆనుకుని ఉన్న సాన్ పాయో మఠానికి వెళ్లాలి. 925లో కోర్దోబాలో చంపబడిన గలీసియా బాలుడు పాయో పేరు దానిది. లోపలి బెనెడిక్టిన్ సిస్టర్లు బయటివాళ్లకి కనిపించరు. గోడలో తిరిగే చెక్క పీపా ఉంటుంది. గంట మోగించి, లోపలి నుంచి గొంతు వినిపించాక ఏం కావాలో చెప్పి, పీపాలో డబ్బు పెడితే అది గిర్రున తిరుగుతుంది. తిరిగొచ్చేటప్పుడు అందులో బాదం బిస్కెట్ల డబ్బానో, సాంతియాగో కేకో ఉంటుంది. కేకులో మైదా లేదు, బాదం, పంచదార, గుడ్డు మాత్రమే, పైన చక్కెర పొడితో యాకోబు శిలువ. డబ్బా సామానులో నిలబెట్టి పెట్టకూడదు, శిలువ చెరిగిపోతుంది.